నేను చూడని మిడిల్స్‌బ్రో

మొన్నామధ్య ఒక ఆదివారం, సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లోని మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. మా అమ్మాయి సాహితి ఫోన్ చూసుకుంటూ చూసుకుంటూ ఒక్కసారిగా కుర్చీలోంచి లేచి, "గాట్ ఇట్! గాట్ ఇట్ లా!" అని కేక పెట్టింది. చదువు చివరి సంవత్సరంలో ఆరు నెలలు ఇంగ్లండ్‌లో చదివే అవకాశం కోసం ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుంది. అది వచ్చింది. ఏ ఊరమ్మా అని అడిగాను. "గెస్ నాన్నా! నీ ఊరే. మిడిల్స్‌బ్రో!" అంది. మా ఆవిడ విజయ పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి, "పెళ్ళికి ముందు మీరు ఏడాదిన్నర ఉన్న ఊరే కదండీ! చూశారా మరి, రుణానుబంధం అంటే ఇదే" అని మురిసిపోయింది. "నువ్వు స్టే చేసిన స్ట్రీట్‌లోనే నాకు రూమ్ చూడు నాన్నా. లీవ్ పెట్టి నువ్వు కూడా రా, ఫస్ట్ వీక్ అంతా చూపించు" అంది సాహితి. సగం తిన్న కంచం వదిలి చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కుళాయి తిప్పుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నేను మిడిల్స్‌బ్రో ఎప్పుడూ చూడలేదు. ఈ దేశం వచ్చాక నేను విమానమెక్కి పడమటికి వెళ్ళినదల్లా మా గుంటూరుకే తప్ప ఇంగ్లండ్‌కు కాదు.

ఇది అర్థం కావాలంటే ఆ రోజుల్లో మావాళ్ళు ఉద్యోగాలు ఎలా సంపాదించేవారో చెప్పాలి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని ప్రపంచం హడలిపోతున్న కాలం. పాత కోబాల్ ప్రోగ్రాములు దిద్దేవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలడం లేదు. డిగ్రీ చదివి మా మేనమామ ఎరువుల కొట్లో కూర్చుంటున్న నాలాంటివాడు అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకుని పక్క సందులోని కన్సల్టెన్సీకి వెళ్తే, మన గురించి మనకే తెలియని విశేషాలతో రెజ్యూమె తయారై చేతికొచ్చేది. మూడు నెలలు కాస్తా మూడేళ్ళయ్యేవి, అందులో ఏడాదిన్నర విదేశంలో. మా కన్సల్టెన్సీ యజమాని చాలా ముందుచూపున్న మనిషి. "లండన్ అని రాస్తే అడిగేవాడు కూడా ఎప్పుడో లండన్ పోయుంటాడు, ఏ వీధి అంటాడు. ఎవడూ పోని ఊరు కావాలి, కానీ పేరు మాత్రం అందరూ వినుండాలి" అని గోడ మీది ఇంగ్లండ్ పటంలో వేలు పెట్టి ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊరు ఎంచాడు. ఆయన చేసిన పొరపాటల్లా అందరికీ అదే ఊరు ఇవ్వడం. ఆ ఏడాది అమీర్‌పేటలో బయల్దేరిన మా బ్యాచ్ మొత్తం, కాగితం మీద, మిడిల్స్‌బ్రోలో కాపురం ఉండి వచ్చింది. అంతమంది తెలుగువాళ్ళం నిజంగా అక్కడ ఉండుంటే ఆ ఊళ్ళో గోంగూర అంగట్లో దొరికేది. పైగా ఆయన ఊరి పేరు చివర ఒక అక్షరం ఎక్కువ వేసి 'మిడిల్స్‌బరో' అని రాశాడు, మేమూ అలాగే బట్టీ పట్టాం. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు, ఒక్క అబద్ధానికి ఉద్యోగం వస్తుంటే పోయేదేముంది అనుకున్నాను.

సింగపూర్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికి దిగాక నాకు గది దొరికింది జురాంగ్ ఈస్ట్‌లో, అప్పలస్వామి అంకుల్ వాళ్ళింట్లో. అంకుల్ తాతగారు విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. అంకుల్ ఓడల కార్ఖానాలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం తమిళం, పావు మలయ్ ఉండేవి. ఆంటీ చీకటితో లేచి రసం పెట్టేవారు. ఆ తర్వాత వేరుశనగలతో కలిపి ఎండు నెత్తళ్ళు వేయించేవారు. ఆ వాసనకు మొదటి వారం నేను ముక్కు మూసుకునేవాణ్ణి, రెండో వారానికి ఆకలి వేసేది. శుక్రవారం అయితే సాంబ్రాణి పొగ కూడా కలిసి, ఇల్లు గుడో చేపల అంగడో చెప్పలేకుండా ఉండేది. ఉతికిన బట్టలు వెదురు గడకు గుచ్చి కిటికీ బయట నిలబెట్టడం మాకు నేర్పింది ఆవిడే. పదో అంతస్తు నుంచి నా లుంగీ ఒకటి ఎగిరి ఎవరి కిటికీకో తగులుకుంటే, అంకుల్ కిందికి దిగి ఇంటింటికీ తిరిగి తెచ్చిచ్చారు. వచ్చి, "అలామాక్! నీ లుంగీ నీకంటే ముందు ఊరంతా తిరిగేసిందప్పా" అన్నారు. పరాయి ఊరిలో దిక్కులేకుండా దిగినవాళ్ళను అంత బాగా చూసుకున్న ఇల్లు అది.

అద్దెకు చేరిన రోజు ఎక్కడ పనిచేశావు తంబీ అని అంకుల్ అడిగితే నేను అలవాటుగా ఆ ఊరి పేరే చెప్పాను. ఆయన తాగుతున్న కాఫీ సాసర్ కింద పెట్టేశారు. "మిడిల్స్‌బరోనా? కాదప్పా, మిడిల్స్‌బ్ర అనాల. చివర మింగేయాల" అన్నారు. కుర్రతనంలో ఆయన స్టోర్‌లోకి వచ్చిన ఉక్కు పలకల మీద ఆ ఊరి పేరు అచ్చు గుద్ది ఉండేదట. ఆ ఊరి నుంచే వచ్చిన ఒక తెల్ల ఫోర్‌మన్ ఈయనకు పని నేర్పాడట. సాయంత్రం పని దిగాక పలక మీద కూర్చుని, ఆ అక్షరాలు వేలితో తడుముతూ తన ఊరి గురించి చెప్పేవాడట. రాత్రిళ్ళు కొలిమి తలుపులు తెరిస్తే ఆకాశమంతా ఎర్రబడేదట. నది మీద ఒక ఇనుప వంతెన ఉందట, దానికింద తీగలకు వేలాడుతూ ఒక బల్లకట్టు మనుషుల్నీ కార్లనూ ఎత్తుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోతుందట. ఒకసారి తీసుకెళ్తానని మాటిచ్చి, ఆ ఫోర్‌మన్ ఇక్కడే జబ్బు చేసి పోయాడు. అందుకే ఆ ఊరి నుంచి వచ్చిన మొదటి మనిషిని నేను అనుకుని అంకుల్ సంబరపడిపోయారు. "ఆ బల్లకట్టు ఇంకా నడుస్తా ఉందా తంబీ?" అని అడిగారు. "నడుస్తోంది అంకుల్" అన్నాను. అప్పుడే నిజం చెప్పుంటే ఆయన నవ్వేసి ఊరుకునేవారు. ఆ తర్వాత రోజూ పొద్దున్న కాఫీ దగ్గర ఆయన అడగడం, నేను తలూపడం. చలి చాలా ఉంటుందా? ఉంటుంది అంకుల్. పొగ తగ్గిందా? కొంచెం తగ్గింది అంకుల్. ఆయన అడిగే ప్రశ్నల్లోనే జవాబులు ఉండేవి. అలా తలూపి తలూపి రెండు నెలల్లో ఆ ఊరు మొత్తం నేర్చేసుకున్నాను, రెజ్యూమెలో ఎక్కువైన అక్షరం కూడా తీసేశాను. డెబ్బై ఏళ్ళ మనిషి దాచుకున్న ముచ్చటను అలా రోజుకింత చొప్పున దొంగిలించాను. ఆ మాట ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు అది తెలివి అనుకున్నాను.

నా గదిలో రెండో మంచం ఖలీల్‌ది. హైదరాబాద్‌లో మలక్‌పేట మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్ద, అయినా ఇద్దరం భాయ్ అంటే భాయ్ అనుకునేవాళ్ళం. మా అందరిలోకీ నిజంగా కోబాల్ వచ్చినవాడు వాడొక్కడే. ఒక సహకార బ్యాంకులో రెండేళ్ళు రాత్రింబగళ్ళు ప్రోగ్రాములు రాసి, ఆ అనుభవం ఉన్నది ఉన్నట్టు ఒకే పేజీలో రాసుకొచ్చాడు. పెళ్ళై ఆరు నెలలు. షాహీన్ అక్కడ బడిలో టీచరు. వీడికి ఉద్యోగం రాగానే ఆమె ఇక్కడికి రావాలి. కూతుర్ని కంప్యూటర్ వాడికి ఇచ్చానని పేటంతా చెప్పుకున్న మామగారు ఎదురుచూస్తున్నారు. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయేదాకా షాహీన్‌తో మాట్లాడి, అయిపోయాక కూడా రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడేవాడు. దుప్పటి మడతల మీద చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ పాటలు పాడేవాడు, ఒక్కటీ శ్రుతిలో ఉండేది కాదు. వాడు మాంసం తినడం లేదని గమనించి ఆంటీ ఏమీ అనకుండా హలాల్ కొట్టుకు మారిపోయారు. అది తెలిసిన రోజు వాడు ఇంటిల్లిపాదికీ ఖట్టీ దాల్ వండిపెట్టాడు. వీసా మీద ఇక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది, ఇంటర్వ్యూకు ఒక్క పిలుపూ లేదు. "నువ్వు కూడా ఆ ఊరు పెట్టెయ్యరా, అందరం పెట్టుకున్నాం" అని నేను ఎన్నోసార్లు పోరాను. "నేను జూడని ఊరు నా కాగితంల ఎట్ల పెట్టుకుంట భాయ్? రేపు ఎవడన్న అడిగితె మొఖం యాడ పెట్టుకోవాలె?" అనేవాడు. ఆ మాట నాకు గుచ్చుకునేది. వాడు నన్ను అన్నది కాదు. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే తడుముకునేవాణ్ణి.

ఒక శుక్రవారం, ఇక్కడ మాకు ఉద్యోగాలు చూసిపెట్టే ఏజెన్సీ నుంచి కబురొచ్చింది. ఒక పెద్ద కంపెనీ ఇద్దర్ని తీసుకుంటోంది, సాయంత్రంలోగా రెజ్యూమెలు పంపాలి, విదేశంలో పనిచేసి ఉండాలి. ఖలీల్ నమాజుకు బయల్దేరుతున్నాడు. తన ఫ్లాపీ నా చేతిలో పెట్టి, "నాది గూడ పంపు భాయ్, ఏమైతదో సూద్దాం" అన్నాడు. స్టేషన్ పక్కన ఇంటర్నెట్ కొట్లో కూర్చుని వాడి కాగితం తెరిచాను. ఒక్క పేజీ. చూడగానే పక్కన పడేస్తారని తెలుస్తూనే ఉంది. నా దాంట్లోంచి మిడిల్స్‌బ్రో రెండు లైన్లు తీసి వాడి దాంట్లో అతికించాను. అది స్నేహంతోనే చేశాను, ఇప్పటికీ ఆ మాట ఒట్టేసి చెప్పగలను. కానీ వాడికి చెప్పకపోవడం స్నేహం కాదు. పిలుపు సోమవారం ఉదయమే వచ్చింది, మా ఇద్దరికీ మర్నాడే ఇంటర్వ్యూ. చెబితే ఇంటర్వ్యూకే రానంటాడని భయం వేసింది. అడిగేది కోబాలే కదా, ఊరి సంగతి ఎవరు అడుగుతారులే అనుకున్నాను. మంగళవారం పొద్దున రైల్లో పక్కపక్కనే కూర్చున్నాం. ప్రతి స్టేషన్ దగ్గరా వచ్చే స్టేషన్‌లో చెబుదాం అనుకున్నాను. వాడు కిటికీలోంచి చూస్తూ, షాహీన్ వస్తే ముందుగా ఈ రైలు ఎక్కిస్తానని చెబుతున్నాడు.

ముందు వాణ్ణి పిలిచారు. పావుగంటలో బయటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "వీళ్ళ ఆఫీసుల కాగితాలు కల్సిపోయినయ్ భాయ్. నీ ఊరు నా పేపర్ల పడ్డది. అది నాది గాదు సార్, నేను ఎన్నడు పోలే అని చెప్పిన. దొంగను చూసినట్టు చూసిన్రు. నువ్వు లోపల్కి పోతున్నవ్ గద, జర చెప్పు. నువ్వు చెప్తె వింటరు." నన్ను అనుమానించాలన్న ఆలోచన కూడా వాడికి రాలేదు. సరే అన్నాను. లోపల ఒక చైనీస్ మేడమ్, ఒక ముసలి ఇంగ్లీషాయన కూర్చుని ఉన్నారు. ఆవిడ ముందు మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి, ఒకే ఊరు, ఒకే రెండు లైన్లు. "బయట ఉన్న అతను మీకు తెలుసా? కాగితాలు తారుమారయ్యాయి అంటున్నాడు" అని అడిగింది. ఆ లైన్లు నేనే పెట్టాను మేడమ్, అతనికి తెలియదు అని ఒక్క వాక్యం చెప్పాలి. నోట్లో దాకా వచ్చింది కూడా. చెబితే తర్వాతి ప్రశ్న నా కాగితం గురించే వస్తుంది. "ఒకే ఫ్లాట్‌లో ఉంటాం మేడమ్. అంతకు మించి పెద్దగా పరిచయం లేదు" అన్నాను. ఆవిడ పెన్సిల్ తీసుకుని ఖలీల్ కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీసింది.

తర్వాత ఇంగ్లీషాయన నావైపు తిరిగి ఆ ఊరు ఎలా ఉంది అన్నాడు. ఆయనది ఆ పక్క ఊరేనట. చివర మింగేసి ఊరి పేరు పలికాను. ఎర్రబడే ఆకాశం గురించి, తీగలకు వేలాడే బల్లకట్టు గురించి చెప్పాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మావాళ్ళే సరిగ్గా పలకరు, నువ్వు ఎంత చక్కగా అంటున్నావు అన్నాడు. కోబాల్ గురించి నన్ను అడిగింది మూడే ప్రశ్నలు, వాటిలో రెండు తప్పు చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు.

ఆ వారం ఎలా గడిచిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉద్యోగం వచ్చిందని ఆంటీ పాయసం చేశారు. ఆ ఇంగ్లీషాయన ఆ ఊరి పక్కవాడే అని తెలిసి అంకుల్ ఎగిరి గంతేసినంత పనిచేశారు. "చూశావా, ఊరు చేసిన మేలు" అన్నారు. ఖలీల్ పాయసం రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాడు, నా భుజం తట్టాడు. గడువు ముగిసిన రోజు వాడి పెట్టె మోసుకుని చాంగీ దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళబోతూ అడిగాడు, "నువ్వు చెప్పినవ్ గద భాయ్ లోపల?" అని. "చెప్పానురా. వాళ్ళు వినలేదు" అన్నాను. నన్ను గట్టిగా కావలించుకుని, "నాకు తెల్సు భాయ్ నువ్వు చెప్తవని" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి పడుకున్నాను. అంకుల్‌కు కూడా చివరిదాకా నిజం చెప్పలేదు. ఆయన పోయే ముందు ఆసుపత్రిలో కూడా, కోలుకున్నాక ఒకసారి ఆ ఊరికి తీసుకెళ్ళవయ్యా అని నన్నే అడిగారు. సరే అంకుల్ అన్నాను.

అబద్ధానికి మొదట్లోనే కాళ్ళు విరగ్గొట్టాలి. లేకపోతే అది మనతోనే కాపురం చేస్తుంది. నాది ఉద్యోగాలు మారినప్పుడల్లా కాగితం మీద నాతో వచ్చింది, పెళ్ళిచూపుల్లో విజయ వాళ్ళింట్లో కాళ్ళు కడుక్కుని కూర్చుంది, చివరికి మా అమ్మాయి చిన్నప్పుడు నిద్రపోవడానికి అడిగే కథ అయిపోయింది. బల్లకట్టు కథ చెప్పు నాన్నా అనేది. అప్పటి పేద గదితో పోలిస్తే ఇప్పుడు మాకు అన్నీ ఉన్నాయి. గది గదికీ ఏసీ ఉంది, కిటికీ బయట గడలు పోయి ఇంట్లోనే బట్టలారబెట్టే మిషన్ వచ్చింది. అప్పుడు లేనిదల్లా ఈ బరువే. అది కూడా నా సంపాదనే అనుకోవాలి.

ఆ ఆదివారం నేను కుళాయి కట్టి వచ్చి కూర్చుని మొత్తం చెప్పేశాను. విజయ కంచాలు తీసి, బల్ల తుడిచి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. చివరికి, "మా నాన్నకు కూడా అదే చెప్పాను కదండీ నేను" అంది. సాహితి మాత్రం సూటిగా అడిగింది.

"సో ఆ ఖలీల్ అంకుల్ ఏమయ్యాడు?"

"తెలీదమ్మా."

"తెలీదా? ట్వంటీ ఫైవ్ ఇయర్స్, యూ నెవర్ చెక్ ఆ?"

నిజానికి వాడి పిన్ని కొడుకు కుటుంబం జురాంగ్ వెస్ట్‌లోనే ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఎక్కడో ఒక ఫంక్షన్‌లో ఎదురుపడుతూనే ఉంటారు. వాళ్ళను చూడగానే నేను ఫోన్ చెవికి పెట్టుకుని పక్కకు తప్పుకునేవాణ్ణి. ఆ సాయంత్రం వాళ్ళకు ఫోన్ చేసి నంబర్ తీసుకున్నాను.

ఖలీల్ నా గొంతు వెంటనే గుర్తుపట్టాడు. "అరే కోటీ భాయ్! యాడున్నవ్‌రా? మా పిల్లలకు నీ గురించి ఎన్నిసార్లు చెప్పిన్నో! అందరు నన్ను దొంగ అన్నరు, నా తరఫున మాట్లాడిన మనిషి నువ్వొక్కడివే" అన్నాడు. ఇక్కడి ఏజెన్సీ వాడు దొంగ కాగితం పెట్టాడని అక్కడి వాళ్ళందరికీ రాసి పంపిందట. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఏ కన్సల్టెన్సీ గడప తొక్కనివ్వలేదట. ఇంటి దగ్గర పిల్లలకు కంప్యూటర్ ట్యూషన్లు చెప్పుకుంటూ నెట్టుకొచ్చాడట. అదంతా వాడు నవ్వుతూనే చెప్పాడు. ఇక ఆగితే ఈ జన్మలో చెప్పలేనని, "ఖలీల్, ఆ లైన్లు నేనే పెట్టాను. లోపల నీ గురించి నేను ఏమీ చెప్పలేదు. నువ్వు పెద్దగా తెలియదు అన్నాను" అన్నాను.

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో పిల్లవాడు పాఠం అప్పజెబుతున్న గొంతు వినిపిస్తున్నాయి. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు చెప్తె ఏం లాభం భాయ్" అన్నాడు చివరికి. "నేను అబద్ధం ఆడలేదని నాకెర్కే గద. ఆగు, షాహీన్‌కు ఇస్త. ఆమెకు చెప్పు."

షాహీన్‌ను నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె సలాం చెప్పి, చెప్పండన్నా అంది. నేను మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. అంతా చెప్పాక, క్షమించమ్మా అన్నాను.

"ఆయన మీద నాకు ఎన్నడూ అనుమానం లేకుండె అన్నా" అంది. "మా అబ్బాకే ఉండె. అల్లుడు మోసం చేసి దొరికిండని ఆయనతోని మాట్లాడుడే బంద్ పెట్టిండు. ఒక్క ఇంట్ల ఉండి ఇరవై నాలుగేండ్లు మాట్లాడలె. పండుగ నాడు గూడ పక్కపక్కన కూసొని తినేటోళ్ళు, మాట లేకుండె. మీరు నిరుడు చేసినా సరిపోతుండె అన్నా ఈ ఫోన్. అబ్బా పోయి ఎనిమిది నెలలైంది."